వంశవృక్షంలో పద్నాలుగో నంబరు గీత



పద్యాలూ పాత పుస్తకాలూ తప్ప వేరే సంగతులు సాధారణంగా ఇక్కడ రాయను. ఈసారి కొంచెం దారి తప్పుతున్నాను. అక్షరాలతో బొమ్మలు గీసే భాషలలో అలంకారం ఎలా ఉండాలన్నది నేటి విషయం. "ఇదేదో సాంకేతికుల గొడవ, మనకెందుకు" అని మూసివేయబోయే మిత్రులకు ఒక్క మనవి. ఇందులో డెబ్బై ఎనిమిదేళ్ళ మా మేనత్త ఉన్నది. ఆమె నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన సమాధానం లేకపోబట్టే ఇది రాయవలసి వచ్చింది.

ముందు ఈ భాషలేమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. బొమ్మను మౌసుతో గీయడానికి బదులు, మాటలలో వర్ణించి చెబితే గణకమే గీసిపెడుతుంది. "తాత --> నాన్న" అని రాస్తే రెండు పెట్టెలు, నడుమ ఒక బాణం. ఏ పెట్టె ఎక్కడ కూర్చోవాలో మనం చెప్పనక్కరలేదు. ఈ ఆలోచన నిన్నటిది కాదు. బెల్ ల్యాబ్స్‌లో బ్రయాన్ కెర్నిహన్ 1980ల తొలినాళ్ళలోనే 'పిక్' అనే భాషను రూపొందించాడు. 1990లలో ఏటీ అండ్ టీ పరిశోధనశాల నుంచి గ్రాఫ్‌విజ్ వచ్చింది. దాని భాష పేరు డాట్. 2009లో ప్లాంట్‌యూఎంఎల్, 2014లో క్నూట్ స్వైడ్‌క్విస్ట్ మొదలుపెట్టిన మెర్మెయిడ్, 2022లో డీ2 వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో గిట్‌హబ్ తన పుటలలో మెర్మెయిడ్ బొమ్మలను నేరుగా చూపించడం మొదలుపెట్టాక, ఈ విద్య ప్రోగ్రామర్లు కానివారి దాకా కూడా వచ్చింది.

మనలో చాలామందికి ఇది కొత్తగా తోచకూడదు కూడా. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఆంగ్లాక్షరాలు కొట్టి తెలుగు రాయడం నేర్చుకున్నవాళ్ళం మనం. పెద్ద అక్షరం కొడితే ణకారం, చిన్నది కొడితే నకారం. ఉన్న మీటలతో లేని ఆకారాన్ని చెప్పడం ఎలాగో, ఒక్క మీట తప్పితే ఎంత అనర్థమో లేఖినిలో రాసిన ప్రతివారికీ అనుభవమే.

నేను ఈ భాషల జోలికి పోయింది వంశవృక్షం కోసం. మా తాతగారు ఒక నోటుపుస్తకంలో ఐదు తరాల పేర్లు రాసిపెట్టి పోయారు. దానిని శుభ్రంగా ఒక పటంగా వేసి, ఇంట్లో ఒక షష్టిపూర్తి వేడుకకు అందరికీ తలా ఒక ప్రతి పంచుదామని నా సంకల్పం. వంశవృక్షాలు వేసే సాఫ్ట్‌వేర్లు ఒకటి రెండు చూశాను. వాటితో నాకు కుదరలేదు, అందుకు కారణం మన మేనరికాలు. అక్క కూతురిని తమ్ముడు చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి ఒక కొమ్మకు మనుమరాలు, ఇంకో కొమ్మకు కోడలు. మేనత్త కొడుకును చేసుకున్న పిల్ల విడిపోయిన రెండు కొమ్మలను మళ్ళీ ముడివేస్తుంది. వృక్షమన్నమాటే గాని మనది నిజానికి అల్లిక. కొమ్మలు మళ్ళీ కలుసుకోవని నమ్మిన సాఫ్ట్‌వేరు ఒకే మనిషిని రెండుసార్లు చూపిస్తుంది. ఈ అక్షరభాషలకు ఆ పట్టింపు లేదు. ఎవరి నుంచి ఎవరికైనా గీత గీయవచ్చును.

రాయడం హాయిగా సాగింది. చిక్కంతా అలంకారం దగ్గర వచ్చింది.

తాతగారి పుస్తకంలో సందేహంగా ఉన్న సంబంధాలు కొన్ని ఉన్నాయి. వాటికి చుక్కల గీత పెట్టాను. మెర్మెయిడ్‌లో ఇది ఎంత సొగసో చూడండి. మామూలు బాణం --> అయితే చుక్కల బాణం -.-> అవుతుంది, మందపు బాణం ==> అవుతుంది. గుర్తు చూస్తేనే బొమ్మ కళ్ళకు కడుతుంది. ఆ గుర్తు ఏ గీతదో ఆ గీతలోనే ఉంది.

ఇక దత్తతలు. మా పెదతాతగారికి ఒక్కతే కూతురు, ఆమే మా మేనత్త. మగపిల్లలు లేనందున దాయాదుల ఇంటి నుంచి ఆరేళ్ళ పిల్లవాడిని దత్తత తెచ్చుకున్నారు. ఆయన మాకు పెదనాన్న. పటంలో ఆయన గీత మీద "దత్తత" అని రాయబోతే మా నాన్నగారు వారించారు. "డెబ్బై ఏళ్ళుగా ఆ మాట వింటూనే ఉన్నాడు, కాగితం మీద కూడా ఎందుకురా? ఏదో చిన్న గుర్తు పెట్టు, తెలిసినవాళ్ళకు తెలుస్తుంది" అన్నారు. సరేనని ఆ గీతకు కావిరంగు వేశాను. మూలన చిన్న అక్షరాలలో రంగుల వివరం ఇచ్చాను. అంటే ఆ రంగు సోకు కోసం వేసినది కాదు, మర్యాద కోసం మాటకు బదులుగా వేసినది. మన ఆలంకారికుల మాటలలో చెప్పాలంటే శబ్దాలంకారం కాదు, అర్థాలంకారం. తీసివేస్తే అర్థమే మారిపోతుంది.

మెర్మెయిడ్‌లో పెట్టెకు రంగు వేయడం తేలిక. ముందుగా ఒకచోట "క్లాస్‌డెఫ్" అని ఒక వర్గానికి పేరు, రంగు ఇచ్చుకుని, పెట్టె పక్కన మూడు కోలన్లు పెట్టి ఆ వర్గం పేరు తగిలిస్తే చాలు. ":::దివంగతులు" అన్నట్టుగా. (ఆ భాషలో మాటలు ఆంగ్లంలో ఉంటాయి. నేను ఇక్కడ తెలుగులో చూపుతున్నాను.) గీతకు అలా కుదరదు. దానికి "లింక్‌స్టైల్" అనే వాక్యం వేరే ఉంది. దానికి ఇవ్వవలసింది గీత పేరు కాదు, అంకె. దస్త్రంలో పై నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, సున్నతో మొదలుపెట్టి, ఇది ఎన్నవ గీతో చెప్పాలి. పెదనాన్న గీత పద్నాలుగు. అంటే మనుషుల లెక్కలో పదిహేనవది. దస్త్రం అడుగున "లింక్‌స్టైల్ 14, కావిరంగు" అని రాసి, బొమ్మ చూసుకుని సంతోషించాను.

వేడుకకు వారం ముందు మా మేనత్తే ఫోనులో మాటల సందర్భంలో చెప్పింది. మా ముత్తాతగారికి తాతగారి కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి మూడో ఏట పోయిందట. తాతగారి పుస్తకంలో ఆ పాప లేదు. పేరు కూడా అత్తకు గుర్తుంది. ఇన్నాళ్ళకు ఒకరు తలచుకున్నారు కదా అని నాకు ఒళ్ళు జలదరించింది. వెంటనే దస్త్రం తెరిచి, పుట్టిన వరుస చెడకుండా, ఆ పాప గీతను తాతగారి గీతకు పైన చేర్చాను. మొదటి పది వాక్యాలలోనే అన్నమాట. బొమ్మలో పాప చక్కగా వచ్చి కూర్చుంది. దానినే చూశాను, మిగతాది చూడలేదు. అచ్చుకు పంపాను.

ఏమి జరిగిందో మీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. పైన ఒక గీత చేరేసరికి పెదనాన్న గీత పదిహేనయింది. దాని ముందున్న గీత పద్నాలుగయింది. దస్త్రంలో పెదనాన్నకు ముందు రాసింది మేనత్తనే. కావిరంగు ఆమె మీదికి పోయింది. అరవై మంది చేతిలో ఉన్న పటంలో మా పెదతాతగారి కన్నకూతురు దత్తపుత్రికగా, దత్తపుత్రుడు కన్నకొడుకుగా అచ్చయ్యారు.

అత్త కళ్ళద్దాలు సవరించుకుని, మూలన ఉన్న రంగుల వివరం చదివి, పటం చూసి, నన్ను పిలిచి అడిగింది. "ఇంతకీ నేనెవరి పిల్లనురా?" నవ్వుతూనే అడిగింది గాని చివరికి గొంతు మారింది. "అంకె తప్పు పడిందత్తా" అన్నాను. మనిషికీ అంకెకూ సంబంధమేమిటో ఆమెకు అర్థం కాలేదు. కానవసరం కూడా లేదు. పెదనాన్న మాత్రం పటాన్ని చాలాసేపు చూసి, ఏమీ అనకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.

తప్పు నాదే. ఆ భాష ఏదీ దాచలేదు. గీతల లెక్క సున్న నుంచి రాసిన వరుసలో సాగుతుందని దాని వివరణపుటలలో స్పష్టంగానే ఉంది. చివరిసారి సరిచూసుకోకపోవడం నా అజాగ్రత్త. ఒప్పుకున్నాను, అత్త కాళ్ళకు దండం పెట్టాను. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. మనిషి అజాగ్రత్తగా ఉంటాడని తెలిసే కదా వ్యాకరణాలు రాసేది! వాక్యం ఒకచోట, దాని అర్థం నలభై వాక్యాల కింద, రెండింటినీ కలిపేది ఒక లెక్క. పైన ఏది మారినా ఆ లెక్క మారుతుంది. ఇటువంటి ఏర్పాటులో తప్పు జరగడం వింత కాదు, జరగకపోవడమే వింత. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే, తప్పు జరిగినట్టు ఎవరూ చెప్పరు. అక్షరదోషమైతే బొమ్మే రాదు. ఇక్కడ బొమ్మ నిక్షేపంగా వస్తుంది, అబద్ధం చెబుతుంది.

బడిలో గురులఘువులు ఎలా గుర్తించేవాళ్ళమో జ్ఞాపకం చేసుకోండి. ఏ అక్షరం గురువో దాని నెత్తినే U పెట్టేవాళ్ళం, లఘువైతే నెత్తిన ఒక నిలువు గీత. పద్యమంతా రాసేసి, అడుగున "3, 7, 8, 12 గురువులు" అని పట్టిక ఇచ్చే మాస్టారిని నేను ఎరుగను. అలా ఇస్తే, మొదటి పాదంలో ఒక అక్షరం దిద్దగానే ఉత్పలమాల కాస్తా ఏమవుతుందో ఊహించుకోండి. గుర్తు వస్తువును అంటిపెట్టుకుని ఉండాలన్నది మన బళ్ళలో ఎప్పుడో తేలిన విషయం.

మరి మిగతా భాషలు ఏమి చేశాయో చూద్దాం. వీటిలో నేను ఎక్కువ కాలం గడిపింది గ్రాఫ్‌విజ్‌తో. అందులో గీత రాసిన వెంటనే చదరపు కుండలీకరణాలలో దాని గుణాలు చెప్పాలి. "పెదతాత -> పెదనాన్న [రంగు=కావి]" అన్న పద్ధతి. పైన పది గీతలు చేర్చినా ఈ రంగు కదలదు. నా పటం ఇందులో వేసి ఉంటే అత్తకు ఆ ప్రశ్న అడిగే అవసరం వచ్చేది కాదు. ఇంకొక సుగుణం మన తెలుగువాళ్ళకు ప్రత్యేకం. డాట్ భాష తన పేర్లలో ఆంగ్లాక్షరాలతో పాటు ఆస్కీ పరిధి దాటిన బైట్లను కూడా అక్షరాలుగానే లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం, వొత్తు అన్నీ ఆ బైట్లే. అందుచేత కొటేషన్ గుర్తులు లేకుండా తెలుగులోనే పేర్లు రాసుకోవచ్చును. 1990ల నాటి భాష ఇంత ఔదార్యం చూపుతుందని ఎవరనుకుంటారు! మెర్మెయిడ్‌లో యూనికోడ్ పాఠ్యాన్ని కొటేషన్ గుర్తులలో పెట్టమని వివరణపుటలే చెబుతాయి.

ఈ ఔదార్యంలో ఒక గొయ్యి కూడా ఉంది, నేను పడ్డాను కనుక చెబుతున్నాను. "ప్రసాద్" అని ఒకచోట మామూలుగా, ఇంకోచోట చివర కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినరుతో పడింది. చూపుకు రెండూ ఒకటే. గ్రాఫ్‌విజ్‌కు రెండు వేర్వేరు పేర్లు. ఒకే ప్రసాద్ రెండు పెట్టెలై, ఒకదానిలో పెళ్ళి, మరొకదానిలో పిల్లలు. పొల్లు అక్షరాలతో ముగిసే పేర్లున్నవారు జాగ్రత్త. అలాగే ఫాంటు పేరు చెప్పకపోతే గ్రాఫ్‌విజ్ టైమ్స్ రోమన్ అనుకుని పెట్టె కొలతలు వేసుకుంటుంది. చూసేవారి యంత్రంలో వేరే తెలుగు ఫాంటు ఉంటే వొత్తులు పెట్టె దాటి వేలాడుతాయి. గౌతమికీ పోతనకూ ఉన్న కొలతల తేడా తెలిసినవారికి దీని గురించి చెప్పనక్కరలేదు.

అయితే గ్రాఫ్‌విజ్‌లో కూడా నాకు తృప్తి లేదు. మా వంశంలో దత్తతలు నాలుగు. నాలుగుచోట్లా రంగు, మందం, ఫాంటు రాయాలి. రేపు కావిరంగు వద్దు, ఆకుపచ్చ కావాలంటే నాలుగుచోట్లా దిద్దాలి. "దత్తత అంటే ఇదీ" అని ఒక్కసారి చెప్పి, తరువాత ఆ పేరుతో పిలిచే సౌకర్యం లేదు. క్లాస్ అనే గుణం ఉన్నది గాని, అది ఎస్‌వీజీ బొమ్మకు బయటి నుంచి సీఎస్‌ఎస్ తగిలించుకోవడానికే పనికివస్తుంది. నేను చేసే చిట్కా ఏమిటంటే, మీసాల కుండలీకరణాలలో ముందు "ఈ గీతలన్నీ కావి" అని చెప్పి, దత్తతలన్నీ అందులోనే రాయడం. పని జరుగుతుంది. కానీ పెదనాన్న గీత తన తోబుట్టువు పక్క నుంచి లేచిపోయి వేరే గుంపులో కూర్చుంటుంది. దస్త్రం చదివేవారికి కుటుంబం ముక్కలుగా కనిపిస్తుంది.

ప్లాంట్‌యూఎంఎల్ రంగును బాణం కడుపులోనే పెట్టింది. -[#రంగు]-> అని. నాకు బాగా నచ్చిన గుర్తు ఇది. ఏ గీతకు చెందినదో అన్న సందేహానికే తావు లేదు. కానీ అక్కడా రాసేది రంగునే గాని ఆ రంగుకు కారణాన్ని కాదు. డీ2లో గీత పక్కన మీసాల కుండలీకరణాలు తెరిచి, వర్గం పేరు చెప్పవచ్చును. ఆ వర్గం ఎలా కనిపించాలో పైన ఒక్కసారి నిర్వచించుకోవచ్చును. నేను కోరుకునేదానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది ఇదే. నోరు తిరగని చుక్కలూ కుండలీకరణాలూ కొంచెం ఎక్కువ, అంతే.

మెర్మెయిడ్ కూడా ఊరకే కూర్చోలేదు. ఇటీవలి సంచికలలో గీతకు పేరు పెట్టుకునే వీలు వచ్చింది. బాణానికి ముందు ఒక పేరు, @ గుర్తు. తరువాత ఆ పేరుకు వర్గాన్ని తగిలించవచ్చును. అంకెల బెడద తీరింది. అయినా రెండు అంచెల పని. ముందు గీతకు నామకరణం, మళ్ళీ వేరే వాక్యంలో "ఈ పేరుగలది ఆ వర్గం" అని ప్రకటన. నాకు ఆ గీత పేరుతో పనిలేదు. దానిని నేను మళ్ళీ ఎప్పుడూ పిలవను. అది దత్తత అని చెప్పడమే నాకు కావలసింది.

"పెట్టెకు ఉన్నట్టే గీతకూ చివర మూడు కోలన్లు పెట్టనిస్తే పోలేదా" అని మీరు అడగవచ్చును. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కుదరదు. "పెదతాత --> పెదనాన్న:::దత్తత" అని రాస్తే ఆ గుర్తు పెదనాన్న పెట్టెకు అంటుకుంటుంది. దత్తత అన్నది మనిషి గుణమైపోతుంది, సంబంధానికి చెందదు. వ్యాకరణం చూపిన ఈ తేడాను నేను చాలాసేపు ఆలోచించాను. పెదనాన్న దత్తుడు కావడం పెదతాతగారితో ఉన్న గీతలో మాత్రమే. ఆయన పిల్లలకు ఆయన తండ్రే, అత్తకు ఆయన తమ్ముడే. గుర్తు పెట్టె మీద పడితే అది మనిషి మీద ముద్ర. కనుక గీత గుర్తు గీతలోనే, బాణం రెండు కొసల నడుమ ఉండాలి. ప్లాంట్‌యూఎంఎల్ రంగు పెట్టినచోట వర్గం పేరు పెట్టనిస్తే చాలు. -[దత్తత]-> అని. గీత మీద కనబడే రాతకు మెర్మెయిడ్ ఇప్పటికే నిలువు గీతల జంట వాడుతోంది కనుక రెండింటికీ తగాదా రాదు. దత్తత ఏ రంగులో ఉంటుందన్నది పైన ఒక్కసారి.

దీనికి పెద్దల అభ్యంతరం ఒకటి ఉంది. వాక్యాల మధ్యలో అలంకారం చొప్పిస్తే వస్తువు, రూపం కలగాపులగమై దస్త్రం చదవడానికి పనికిరాకుండా పోతుందని. నిజమే. హెచ్‌టీఎంఎల్‌లో మాట మాటకూ ఫాంటు ట్యాగు తగిలించిన రోజులు మనం చూశాము. మన పాత మూసలలో వాటి శిథిలాలు ఇంకా దొరుకుతాయి. 1996లో సీఎస్‌ఎస్ వచ్చింది ఆ రోగానికి మందుగానే. 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4 ఫాంటు ట్యాగును వద్దన్నది. కానీ ఆ సంస్కర్తలు కూడా పేరాకు క్లాస్ పేరును పేరా నెత్తినే రాయమన్నారు. "ఈ పుటలో పద్నాలుగవ పేరా ఎర్రగా ఉండుగాక" అని వేరే దస్త్రంలో రాయడమే ఏకైక మార్గమని అనలేదు. రూపాన్ని దూరంగా పెట్టవచ్చును. అర్థాన్ని దూరంగా పెట్టకూడదు. లింక్‌స్టైల్ అంకెలు రెండింటినీ కలిపి దూరం పెట్టాయి.

మరో అభ్యంతరం పాత దస్త్రాలది. కొత్త గుర్తు తెస్తే పాతవి చెడతాయేమోనని. ఈ భయం ఉత్తదేమీ కాదు. మెర్మెయిడ్‌లో మూడు అడ్డగీతల తరువాత ఖాళీ వదలకుండా చిన్న ఓ అక్షరంతో మొదలయ్యే పేరు రాస్తే, అది పేరని గ్రహించక గీత కొసకు సున్న చుడుతుంది. ఎక్స్ అయితే ఇంటూ గుర్తు పెడుతుంది. స్టైల్ విలువలో కామా రాయాలంటే ముందు వెనుకవాలు గీత పెట్టాలి, కామాను అప్పటికే వేరే పనికి వాడేశారు కనుక. గుర్తులు అయిపోతున్న ఇంట్లో కొత్త గుర్తు కోసం చోటు వెతకడం కష్టమే, కాదనను. పాత అంకెల పద్ధతిని అలాగే ఉండనివ్వండి. కొత్తగా రాసేవారికి వేరే దారి చూపితే చాలు. ఎలాగూ తప్పదంటే, అంకె ఇచ్చినప్పుడు "14 అంటే పెదతాత నుంచి మేనత్తకు ఉన్న గీత" అని పక్కన ఒక్క ముక్క చూపించినా, ఆ రాత్రి నాకు తెలిసివచ్చేది.

పటాన్ని ఇప్పుడు గ్రాఫ్‌విజ్‌లోకి మార్చాను, తెలుగు పేర్లతోనే, గుంపుల చిట్కా మానివేసి ప్రతి దత్తత పక్కనే దాని గుణాలు రాసి. నాలుగుచోట్ల దిద్దవలసివస్తే దిద్దుకుంటాను. మూడేళ్ళ పాపకు కూడా పెట్టె ఉన్నది. కొత్త ప్రతులు అరవై వేయించి పంపాను, పాతవి చింపివేయమని కోరాను. అత్త ముందు నాన్నగారి చేత చదివించుకుని, సరిగ్గానే ఉందని తేల్చుకున్నాక, పాత ప్రతిని తన చేతులతోనే చింపిందట.

పెదనాన్నకు ఫోను చేసి కొత్తది అందిందా అని అడిగాను. అందిందన్నారు. పాతది చింపారా అని అడిగితే, "ఎక్కడో పెట్టానురా, కనబడటం లేదు" అన్నారు.